పేర్ల పిలుపు నుంచి అధ్యక్ష పీఠానికి

శ్రీ కింతలి సన్యాసయ్య గారు 1954 మార్చి ఒకటిన మన పట్టణ సంఘ సభ్యులుగా ప్రమాణం చేశారు. అదే రోజున గుమస్తాగా చేరిన నాకు అప్పటినుంచీ ఒక సందేహం: వారు మా నాన్నను మరిచిపోయారా? పదేళ్ళు ఒకే కచేరీలో పనిచేసినా అడగడానికి నోరు రాలేదు.

ఇరవయ్యో ఏట మేనమామ వెంట ఓడెక్కి పెనాంగులో దిగిన సన్యాసయ్య గారు, మేమున్న రబ్బరు తోటలోనే పాల కోసం చెట్లు గీశారు. వేకువనే కూలీల మేస్త్రీ, కంగాణి, పేర్లు పిలిచేవాడు. పలికినవారికే ఆనాటి పని. 1947లో కూలీల సంఘం పెట్టే ప్రయత్నంలో వారు చెప్పకుండా పట్నం వెళ్ళిన రోజున, వారి పేరుకు మా నాన్న యల్లింటి పోలయ్య పలికాడు. తన పేరుకూ తనే పలికాడు. రెండుసార్లూ ఒకే గొంతు విన్న దొర, సన్యాసి ఎక్కడని అడిగాడు. నాన్న చెప్పలేదు. సాయంత్రానికల్లా మా గది ఖాళీ చేయించారు. మరే తోటలోనూ నాన్న పేరు పిలవలేదు. దేవుడు ఇలాంటివి చూస్తాడా అని, నాన్న పోయిన రోజున దీపం ముందు అడిగాను.

ఆ కూలీల సంఘమే సన్యాసయ్య గారిని ఎన్నికల్లో గెలిపించింది. అధ్యక్షులయ్యాక కూలీలుండే లైను ఇళ్ళకు కుళాయిలు, చేపల సంతకు పైకప్పు వారి హయాంలోనే వచ్చాయి. ప్రతి సమావేశానికీ ముందు వారే పట్టీ చూసి పేర్లు పిలిచేవారు. సభ్యులు లేచి పలకాలి.

"ఇదేం తోటా, సన్యాసీ? రేపు కత్తీ బకెట్టూ కూడా ఇస్తావా?" అని సభ్యులు ఆంగ్ చెంగ్ హువాట్ గారు ఒకసారి ఎత్తిపొడిచారు.

"నీకిస్తే చెట్టు చచ్చిపోద్ది. కూకో" అన్నారు వారు.

తోట అలవాటు పోలేదని అందరం నవ్వుకున్నాం.

సింహాద్రి అప్పన్న వారికి నిండు ఆరోగ్యాన్నీ, మనవల పెళ్ళిళ్ళు చూసే ఆయుష్షునూ ఇవ్వాలని నిత్యం వేడుకుంటాను. వారు పదవి విరమిస్తూ మొన్న జరిపిన చివరి సమావేశం గురించి మాత్రం ఇంకొక మాట రాయాలి.

పేర్లన్నీ అయ్యాక వారు కళ్ళద్దాలు తీసి, "యల్లింటి పోలయ్య" అని పిలిచారు. ఎవరూ పలకలేదు. నా కలం ఆగిపోయింది. ఎప్పుడూ కూర్చుని పేర్లు పిలిచే మనిషి, లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఉన్నానయ్యా."

తరువాత నావైపు తిరిగారు. "ఆ దినం నా పేరుకి ఆడు పలికేడు. రాయి, బాబూ."

హాజరు పట్టీలో చివరి పేరుగా నాన్న పేరు రాశాను.