నర్సక్కను భుజాన మోసిన వీరుడు

మా బీమా ఏజెంటుకి ఎడారిలో ఆ పవిత్ర పర్వతం ఎక్కకముందు కూడా నోరుండేది. కాకపోతే అప్పుడది వాన, ట్రాఫిక్, అల్లుడి తెలివితక్కువతనం లాంటి చిల్లర విషయాల మీద బతికేది. ఆయన యాత్ర నుంచి వచ్చి మూడు వారాలైంది. ఇప్పుడు టీ గ్లాసు చేతికిచ్చినా, "అక్కడి గాలికి ఇంత వేడి నిలవదండీ" అని అందుకుంటాడు.

మా గ్రంథపఠన బృందం నుంచి ఆ అధ్యయన యాత్రకి వెళ్ళింది ఇద్దరే. ఒకరు ఈయన, రెండోవారు రిటైరైన నర్సక్క. తక్కినవాళ్ళంతా వేరే ఊళ్ళవాళ్ళు. అక్కడేం జరిగిందో మాకు తెలియాలంటే ఈ రెండు నోళ్ళే దిక్కు. అందులో ఒకటి తెరుచుకోదు, రెండోది మూతపడదు.

ఆ ఆదివారం పఠనం అయ్యాక హాలు వరండాలో టీ తాగుతున్నాం. మా బృందాన్ని నడిపే మాస్టారు వచ్చే ఏడాది యాత్రకి జాబితా రాస్తున్నారు. పన్నెండు సీట్లు. కొండెక్కగల వాళ్ళకే సీటని నిర్వాహకులు కాగితం పంపారు. మొదటి పేరు నర్సక్కది. ఒకసారి వెళ్ళొచ్చావు కదా, మళ్ళీ ఎందుకక్కా అంటే "చూడాల్సింది మిగిలిపోయింది" అంది, అంతే. ఆ సీటు కోసం రోజూ పొద్దున్నే ఆస్పత్రి వెనక మెట్లు నాలుగంతస్తులూ పదిసార్లు ఎక్కి దిగుతోంది. నేను కళ్ళారా చూశాను.

"అసలు ఆ కొండ ఎలా ఉంటుందండీ?" అని కొత్తగా దరఖాస్తు పెట్టిన ఎలక్ట్రీషియన్ పొరపాటున అడిగాడు.

ఏజెంటు గ్లాసు కింద పెట్టాడు. అయిపోయాం అనుకున్నాను.

"చెప్పుకోవడం నాకిష్టం ఉండదయ్యా. ఏదో అందరితోపాటు నడిచాను, ఎక్కాను, అంతే. కాకపోతే కొంచెం ముందు నడిచాను. గైడున్నాడే, వాడు పుట్టి పెరిగింది ఆ కొండ కిందే, వాడు నా వెనకాల రొప్పుతూ 'అయ్యా, కాస్త నెమ్మది, అయ్యా, కాస్త నెమ్మది' అని ఒకటే గోల. మెట్లు మొదలయ్యే దాకా ఒంటెల మీద పోవచ్చు. అందరూ ఎక్కారు. నేను నా ఒంటె మొహం చూశాను, జాలేసింది, నడుస్తానన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఒంటె కన్నీళ్ళు పెట్టుకుందా?" అన్నారు మాస్టారి అత్తగారు. ఆవిడకి ఎనభై దాటాయి, ఇంకా ఎవరినీ వదిలిపెట్టరు.

"కూలబడిందండీ! దారి మధ్యలో! ఒంటెవాడు లబోదిబోమంటున్నాడు. నేను దాని పొట్ట కింద చెయ్యేసి లేపి, ఊరికే అలా భుజానికి ఆనించుకుని మెట్ల దాకా తీసుకుపోయాను. పెద్ద బరువేం కాదులెండి, మూపురం ఖాళీగా ఉన్నట్టుంది. ఇక అక్కడినుంచి మూడు వందల మెట్లు, రాతిలో చెక్కినవి, ఒక్కోటి నా నడుం దాకా. అక్కడ రూలేమిటంటే, ఇద్దరిద్దరూ ఒక జంట. ఒకరు ఆగిపోతే రెండోవాళ్ళూ ఆగాలి, ఎవర్నీ ఒంటరిగా వదలకూడదు. నా జంట మన అక్క. నూట ఎనభై మెట్లెక్కాక అక్క కిందికి చూసింది. అంతే! కళ్ళు తిరిగాయి. మెట్టు కరుచుకుని కూర్చుంది. 'అమ్మా' అంది."

అందరం నర్సక్క వైపు చూశాం. ఆమె ఎప్పుడో కరిగిపోయిన చక్కెరని స్పూనుతో ఇంకా తిప్పుతోంది.

"మరేం చేశారు?" మాస్టారి కలం జాబితా మీద ఆగింది.

"ఏం చేస్తాను? భుజానేసుకున్నాను. ఈ భుజం మీద అక్క, ఈ భుజం మీద అక్క సంచీ, పళ్ళ మధ్య మా నోటుపుస్తకం. జంటకొకటి ఇస్తారు, ప్రతి మజిలీలోనూ చూసింది రాసుకోవాలి. అలాగే పరుగెత్తాను. అవును, పరుగే! నడిస్తే బరువు తెలుస్తుంది. తీరా పైకి వెళ్ళేసరికి గాలికి శిఖరం ఊగుతోంది, జనమంతా ఒక పక్కకి జారిపోతున్నారు. అక్కని దించకుండానే వీపు ఆనించి ఒక్క తోపు తోశాను. ఈ రోజుకీ ఆ శిఖరం కాస్త ఎడమకి ఒరిగి ఉంటుంది, మీరు వెళ్ళినప్పుడు చూడండి. కొంచెం ఎక్కువ తోశాను."

"ఎర్తింగు ఇవ్వాల్సింది," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"నవ్వకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అక్కడ గుహలో నలభై ఏళ్ళుగా మౌనంలో ఉన్న సన్యాసి బయటికొచ్చి, నన్ను ఎగాదిగా చూసి, మొట్టమొదటిసారి నోరు విప్పి ఏమడిగాడు? 'మీ దగ్గర మంచి పాలసీలేమున్నాయి?' అని! నేనింకా చెప్పనేలేదు, మబ్బులోంచి ఒక గొంతు. 'వచ్చావా నాయనా, మాట్లాడే మనిషి లేక చాలా కాలమైంది, కూర్చో' అని. నేను రెండు చేతులూ జోడించి, 'క్షమించాలి స్వామీ, కింద బస్సు హారన్ కొడుతోంది' అని వచ్చేశాను."

"భుజం మీద మనిషుండగా రెండు చేతులూ ఎలా జోడించావయ్యా?" అన్నారు అత్తగారు.

"ఆ కాసేపు ఒంటె పట్టుకుంది."

"ఒంటె మెట్ల దగ్గరే ఆగిపోయిందిగా?"

"నా కోసం పైకొచ్చింది."

వరండా అంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. "ఒంటె, సన్యాసి మీ ఇష్టం. అక్కని మోయడం మాత్రం నిజమేనా?"

"ఆమె ఇక్కడే ఉందిగా! మూడు వారాలనుంచి చెబుతున్నాను, ఒక్కసారైనా కాదందా?"

"ఏమనుకోకండక్కా," అన్నారు మాస్టారు. "పంపాక మీకేదైనా అయితే బాధ్యత నాది." ఎర్ర కలం తీసి మొదటి పేరు మీద గీత గీశారు.

నర్సక్క చేతిలో స్పూను ఆగింది. ఆమె మాస్టారి వైపు చూడలేదు. "తమ్ముడూ," అంది, "ఆ ఒక్క ముక్క దిద్దు. ఒంటె, శిఖరం, అన్నీ నువ్వే ఉంచుకో."

ఏజెంటు వీధి వైపు చూశాడు. శిఖరాన్ని తోసిన మనిషికి ఆ ఒక్క ముక్క బరువైపోయింది. "అంటే... వయసు కదక్కా..." అన్నాడు.

నర్సక్క సంచీలోంచి నోటుపుస్తకం తీసింది. "ముప్పై నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను. ఏ రోగి సంగతీ ఆస్పత్రి గేటు దాటించలేదు. ఎవరితోనూ అనొద్దని ఇతను చెయ్యి పట్టుకుని బతిమాలాడు, సరేనన్నాను. ఇప్పుడూ అనను. మీరే చదువుకోండి మాస్టారూ."

మాస్టారు పైకే చదివారు.

"'ఒంటె మీద కళ్ళు తెరవలేదు.' ఇది మొదటి పేజీ. ఆ తర్వాత... 'మూడూ నలభై. నూట ఎనభై రెండో మెట్టు. కిందికి చూశారు. మెట్టు కరుచుకున్నారు. పల్స్ నూట ముప్పై ఆరు. మూడూ యాభై. పల్స్ నూట ముప్పై. "అమ్మా" అన్నారు, ఏడుసార్లు. నాలుగు. పల్స్ నూట పద్నాలుగు. రెండు గుక్కల నీళ్ళు, ఒక బిస్కెట్. నాలుగూ పది. పల్స్ తొంభై ఎనిమిది. ఇంకో బిస్కెట్ అడిగారు. పైకి వెళ్దామా అంటే నా చెయ్యి వదల్లేదు. నాలుగూ ఇరవై. కూర్చునే ఒక్కో మెట్టూ జరుగుతూ దిగడం మొదలుపెట్టారు.'"

ఎలక్ట్రీషియన్ పొట్ట పట్టుకుని వంగిపోయాడు. మాస్టారు మాత్రం చదవడం ఆపలేదు. పేజీ అడుగున చిన్న అక్షరాలతో ఇంకో వరస ఉంది.

"'ఇక్కడినుంచి శిఖరం కనిపిస్తోంది. మిగిలినవి నూట పద్దెనిమిది మెట్లు. కూర్చున్నచోటునుంచి మూడుసార్లు లెక్కపెట్టాను.'"

మాస్టారు పేజీ తిప్పారు. పైన 'శిఖరం' అని అచ్చేసి ఉంది. కింద అంతా తెల్లకాగితమే.

ఏజెంటు ఖాళీ గ్లాసుని రెండుసార్లు తాగాడు.

మాస్టారు కొత్త కాగితం తీసి, మొదటి పేరు మళ్ళీ మొదటనే రాశారు. "మీకు జంటగా ఎవర్ని వేయమంటారక్కా?"

నర్సక్క పుస్తకం సంచీలో పెట్టుకుని లేచింది.

"ఆ ఒంటెని వేయండి మాస్టారూ. సగం దాకానే అయినా రోజూ ఎక్కుతుంది, దిగుతుంది. ఇంతవరకు ఒక్కరికీ చెప్పుకోలేదు."