పారాణి కింద పుండు

ఆ గజ్జెలు సంచీలోనే ఉంచు బావా, బయటికి తియ్యకు. ఏటనుకుని తెచ్చావసలు? వచ్చే వారం మన పెళ్లి, ఊరేగింపుకి గుర్రం కావాలి, ఇవాళ్టి నుంచే కట్టి అలవాటు చేయించమని మావయ్య పంపించారు. నువ్వు మోసుకొచ్చేశావు. ఈ గజ్జెలే కదా దీని కాలు తినేశాయని దారిలో ఒక్కసారైనా అనిపించలేదా?

ఇలా వచ్చి చూడు. ముక్కు మూసుకోకు. గుర్రాలసాలలో అత్తరు వాసన వస్తాదా? ఇంట్లో చోటు లేదని గుర్రాన్ని ఈ జట్కా తోలే గంగులు సాలలో వదిలేశారు. ఊరేగింపుకి మాత్రం పావురాయని పేరెట్టిన ఈ గుర్రం మాది, మా ఇంటి లక్ష్మి అంటారు. జబ్బు పడ్డాక మీలో ఎవరొచ్చి చూశారు దీన్ని?

కట్టు విప్పుతున్నాను. భయపడకు, ఇప్పుడు తన్నదు. మొదట్లో తన్నేది. నా మోచేతి మీద మచ్చ దాని బహుమతే. గంగులు మెడ పట్టుకుని, నువ్ కడుగమ్మా, నాను దాంతోటి మాటాడతాను అనీవాడు. వాడేవో ఊసులు చెప్తుంటే నేను వేపాకు కాచిన నీళ్లతో చీము కడిగి, ఈగ వాలకుండా కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాసేదాన్ని. కాలేజీ నుంచి తిన్నగా ఇక్కడికే. పెళ్లికూతురి చేతులు లద్ది కంపు కొడుతున్నాయని ఇంట్లో మా అమ్మ గోల.

అదిగో, గిట్టకి పైన, కంకణంలాగ చుట్టూ. కొత్త చర్మం. ఉల్లిపొర కన్నా పలచగా ఉన్నాది. నిన్ననే ఆ కాలు పూర్తిగా నేలకి ఆనించింది. గంగులు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని అవతలికి పోయాడు.

ఇదెలా అయ్యిందో మీ ఇంట్లో ఎవరికైనా గుర్తుందా? మీ అన్నయ్య పెళ్లికి బూడిదరంగు గుర్రం, పారాణి పెడితే ఎంత బాగుంటాదో అని అత్తయ్య దాని మోకాళ్లదాకా పూసింది. దానిమీద ఈ గజ్జెల పట్టీలు, జారిపోకుండా బిగించి. నడుస్తుంటే పట్టీ కోసుకుపోయింది, నెత్తురు కారింది. ఎవరికి కనబడతాది, ఎరుపు మీద ఎరుపు? నొప్పికి ఎగిరెగిరి పడుతుంటే బాజాలకి నాట్యం చేస్తోందన్నారు. ఇంకా గట్టిగా వాయించమన్నారు మావయ్య.

అక్కడితో అయిందా? పదహారురోజుల పండగ దాకా పారాణి కడగకూడదు, అది మీ ఇంటి ఆచారం. గుర్రానికి కూడానా అని గంగులు అడిగితే కసిరారు. తీరా కడిగేసరికి పురుగులు.

ఏటీ? ఈసారి వదులుగా కడతారా? పుండు కనబడకుండా మళ్లీ పారాణి పూసేస్తే సరి, అని మావయ్య అన్న మాట కూడా నాకు తెలుసులే. పశువుల డాక్టరుగారి మాట నీకూ చెప్పాను. రాళ్లరోడ్డు మీద బరువు మోస్తే ఈ చర్మం చిట్లిపోతాది, మళ్లీ చీము పడితే ఇంక లేవదు. అదీ సంగతి.

కారు కుదరదు. యుద్ధం అయిపోయినా పెట్రోలు ఇంకా కూపన్ల మీదే. అద్దె గుర్రం మీ వంశంలో ఎవరూ ఎక్కలేదు. సరే, ఒప్పుకున్నాను. నడిచి రాకూడదని ఎవరన్నారు? నీ రెండు కాళ్లూ బాగానే ఉన్నాయి కదా.

నలుగురూ నవ్వుతారా? నాలుగు వీధులు నవ్వనీ. నోరు లేనివాటి పక్షాన కాలేజీ పోటీలో నేను వాదించిన రోజున ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నువ్వే. ఆ చప్పట్లు విని నిన్ను చేసుకుంటానన్నాను, పిచ్చిదాన్ని. నీకు నోరుంది బావా. ఇంటికెళ్లి ఒక్క ముక్క, నాన్నా, నేను గుర్రం ఎక్కను అని చెప్పలేవా?

చూడు, మళ్లీ నేల చూపులే.

ఒక సంగతి చెప్తాను, కోపం తెచ్చుకో, పరవాలేదు. నిన్న మీ కొట్టుకి వెళ్లాను. బావ గుర్రం ఎక్కనన్నాడు మావయ్యా, నాతో చెప్పాడు, అన్నాను. అబద్ధమే. నీ పేరున ఆడాను. మావయ్య తక్కెడ కింద పెట్టి నవ్వారు.

"అది వాడి మాట కాదు పద్మా, నీ మాట. వాడికంత నోరెక్కడిది?"

పోటీలో ఎంతమంది నోళ్లు మూయించానో. ఆ మాట విని మాత్రం కొట్టు మెట్లు దిగి వచ్చేశాను. ఎందుకంటే నాకూ అదే అనిపించింది.

విన్నావా, వీధిలో మావయ్య గొంతు. గంగుల్ని కేకేస్తున్నారు. లోపలికే వస్తున్నారు. లే, ఇదే సమయం. నేను పక్కనే నిలబడతాను.

అటెక్కడికి? అటు దారి లేదు బావా, లద్దిగుట్ట. పోనీ, అక్కడే కూర్చో. గుర్రం రాదని నేనే చెప్తాను. పెళ్లికూతురు రాదన్న మాట కూడా, ఎలాగూ చెప్తున్నాను కదా, నేనే చెప్పేస్తాను.