కిటికీ దగ్గర ఉన్నది ఎవరు?

పారిస్ పక్కనే బులోన్‌లో ఒక ల్యాబు. పాత సినిమాలకు మళ్ళీ ఊపిరి పోసే గది. తెర మీద యాభయ్యేళ్ళ నాటి బొమ్మ ఒకటి కదలకుండా ఆగి ఉంది. దాని ముందు ఆ సినిమా ఛాయాగ్రాహకుడు ఎడ్మోన్ వాషెరో, అందులో నాయికగా వేసిన ఓదెత్ కార్సాక్, రంగులు దిద్దే నాదేజ్. ముగ్గురిలో పని ఉన్నది నాదేజ్‌కే. మిగతా ఇద్దరికీ నోళ్ళున్నాయి.

"ముట్టుకోకమ్మాయ్! ఆ మీట మీంచి చెయ్యి తియ్యి!"

"ఓదెత్, పిల్లని పని చేసుకోనీ. అయినా పిలవని పేరంటానికి వచ్చి ఈ పెత్తనం ఏమిటి?"

"పిలిస్తే లాయర్ని వెంటబెట్టుకొస్తానని నీకు భయం. నాదేజ్, నీ పేరదే కదా? ఈ పెద్దమనిషి ఎవరో తెలుసా నీకు?"

"తెలియకపోవడమేమిటి మాదామ్! కాలేజీలో మాకు ఈయన సినిమాలే పాఠాలు. చీకటిని ఎలా తియ్యాలో..."

"చీకటి తియ్యడానికేముంది? లైట్లు ఆర్పేస్తే సరి. నలభై సినిమాలు చేశాడు మహానుభావుడు. ఒక్కదాంట్లో ఒక్క మనిషి ముక్కు తిన్నగా కనపడదు. దానికి రెండు అవార్డులు, ఒక పతకం. మంత్రిగారొచ్చి రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుని పోయాడు."

"నీకూ వచ్చిందిగా అవార్డు! ఈ షాటుకే. కిటికీ దగ్గర నాయిక, మొహమంతా నీడ. 'మౌనంతో నటించింది' అని పత్రికలన్నీ ఒకటే..."

"ఎడ్మోన్."

"మౌనంతోనే నటించావు మరి. వ్యాన్‌లో పడి నిద్రపోతూ."

"ఎడ్మోన్! పిల్ల ముందు..."

"నాకేం వినపడలేదు మాదామ్."

"వినపడిందిలే. మిగతాది కూడా విను. ల ఆవ్ర్ రేవులో షూటింగ్. ఈవిడ పొద్దున్నే ఆపిల్ సారా బిగించి పడుకుంది. లేపితే లేవదు. బయట వెలుతురు పోతోంది, నిర్మాత నెత్తీ నోరూ బాదుకుంటున్నాడు. ఇక చేసేది లేక మిరేయ్‌ని నిలబెట్టి తీసేశాం."

"మిరేయ్ అంటే?"

"నాకు బదులు నిలబడే పిల్ల. ఈయనగారు లైట్లు పెట్టుకోడానికి ఒక పూట పడుతుంది కదా! అంతసేపు నేను నిలబడితే నా కాళ్ళు పడిపోవూ? నా ఎత్తు మనిషి, నా రంగు జుట్టు, ఒంటి మీద నా గౌను. లైట్లు కుదిరాక ఆమె పక్కకి, నేను లోపలికి. అలాంటివాళ్ళ పేర్లు తెర మీద పడవు."

"మొహం కూడా పడలేదు. ఇప్పుడు పడుతుంది. నాదేజ్, నీడ తగ్గించు."

"తగ్గించకు! అక్కడున్నది నేను కాదని తెలిస్తే వచ్చే నెల ప్రదర్శనలో జనం నన్ను చూసి నవ్వుతారు, ఎడ్మోన్. నా బతుక్కి మిగిలింది ఈ ఒక్క షాటే. వీధిలో నన్నెవరైనా గుర్తుపడితే దీనివల్లే."

"మొహమే లేని షాటుని బట్టి మొహం గుర్తుపడతారా? గొప్ప జనం."

"వెటకారం తర్వాత. ఇన్నేళ్ళూ కిక్కురుమనలేదు, ఇప్పుడేం పుట్టింది నీకు?"

"కళ్ళు."

"ఏం కళ్ళు?"

"నావే. క్రిస్మస్ దాకానే చూపు అన్నాడు డాక్టరు. ఆ తర్వాత లోకమంతా నా సినిమాల్లాగే ఉంటుందిట. నవ్వు, నవ్వొచ్చే మాటే."

"నవ్వట్లేదు."

"మిరేయ్ ఫొటో ఒక్కటి కూడా లేదు నా దగ్గర. సినిమా అవగానే వాళ్ళ ఊరు బ్రెస్త్ వెళ్ళిపోయింది. ఆ చలికాలమే పోయింది. రోడ్డు మీద మంచుకి కారు జారి... మూడు నెలలు నా దీపాల ముందు నిలబడిన మనిషి. ఆమెతో నేనన్నవి రెండే మాటలు. 'గడ్డం ఎత్తు. ఎడమకి తిరుగు.'"

"ప్రేమించావా?"

"లైటు పెట్టాను."

"అడిగినదానికి చెప్పు."

"ప్రేమించాను. చాలా? ఒక్కసారి ఆ మొహం చూసుకుంటాను. ఆ తర్వాత మళ్ళీ చీకటి చేసేస్తుంది ఈ పిల్ల. ప్రదర్శనకి పాతదే వెళ్తుంది, నీ అవార్డు నీ అల్మారాలోనే ఉంటుంది. సరేనా?"

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా! కానియ్యమ్మాయ్."

"కానిస్తున్నాను మాదామ్. ఇంకొంచెం... మొస్యూ, కిటికీ చట్రం వచ్చింది. పరదా వచ్చింది."

"మొహం?"

"చుక్కలు చుక్కలుగా బూడిద రంగు తప్ప ఏమీ..."

"పూర్తిగా తగ్గించు."

"పూర్తిగానే తగ్గించాను మొస్యూ. మొహం ఉండాల్సిన చోట నెగటివ్‌లో ఏమీ లేదు. అక్కడ అసలు వెలుతురు పడనే లేదు."

"ఈ కొత్త యంత్రాలు ఏదైనా బయటికి తీస్తాయన్నారే?"

"ఉన్నదాన్ని తీస్తాయి మొస్యూ."

"అవునులే. నేనే అలా తీశాను. ఆ నిర్మాతకి ప్రతి మొహాన్నీ ల్యాబులో తెల్లగా చేయించే జబ్బు. చేయించాడా, ఈవిడ గుట్టు రట్టవుతుంది. అందుకని ఎవడి తరమూ కాకుండా తీశాను."

"నీ తరం కూడానా?"

"నా తరం కూడా."

"భేష్. దొంగకి భయపడి ఇంటికి తాళం వేసి, తాళంచెవి సముద్రంలో పారేశావన్నమాట."

"వెళ్ళు ఓదెత్. నీ పరువు నీకు దక్కింది. ఇంకేం కావాలి?"

"వెళ్తాను. నా చేతికర్ర ఇటివ్వు నాదేజ్. ...ఎడ్మోన్, ఆ రోజు నేను తాగలేదు."

"ఏమిటీ?"

"చుక్క కూడా ముట్టలేదు. వాసన కోసం గౌను మీద చల్లుకుని కళ్ళు మూసుకు పడుకున్నాను."

"ఎందుకు?"

"మిరేయ్ వ్యాన్‌లోకొచ్చి నా చేతులు పట్టుకు బతిమాలింది. 'మూడు నెలలుగా ఆయన నా మీద లైట్లే చూసుకుంటున్నాడు, నన్ను చూడట్లేదు. ఒక్క షాటుకి నన్ను నిలబడనివ్వండి, కెమెరాలోంచైనా చూస్తాడేమో' అంది. నా షాటు ఇచ్చేశాను. నువ్వేమో లైటు ఆర్పేశావు."