ముప్పై రోజుల నోటీసు

అట్ల మూతి ముడుచుకోని గోడ దిక్కు చూస్తే అయితదా, సారూ? ముప్పై ఒక్క ఏండ్లు సివిల్ ప్రొసీజర్ చెప్పిన ప్రొఫెసర్ భూమయ్య గారికి పెండ్లామే నోటీసిచ్చిందంటే నమ్మబుద్ధి అయితలేదా?

నేనేం దొంగతనం చేసిన? గురువారం ఫ్లైట్ల నా టికెట్ క్యాన్సిల్ చేసిన, గంతే. రిటైరైంది మీరు. మీరు హైదరాబాద్ పోండ్రి, నేను మస్కట్ల ఉంట.

ఎందుకా? ఈడ ఘాలా ఏరియాల ఉన్న క్లినిక్ వాళ్లు నాకు కొలువిచ్చిండ్రు! నా మోకాళ్ల నొప్పికని పోయిన నాడు, ఇస్తారి అని మన నిర్మల్ దిక్కాయన సైట్ మీద పడి వచ్చిండు. యాడ నొస్తుందో హిందీల చెప్పరాక చేతులు తిప్పుతుండు. పక్కన కూసోని ఆయన మాట డాక్టరమ్మకు నేనే హిందీల చెప్పిన. గిట్ల మాట తిప్పి చెప్పెతందుకు రేపు గూడ రమ్మన్నది. 'శ్రీవాణి మేడం' అని పిలిచింది తెలుసా? యాభై ఎనిమిదేండ్లొచ్చినంక! ఎంత సంబరమైందో నాకు.

వీసా వాళ్లే కొడ్తున్నరు. వాడి కబీర్ ఏరియాల, క్లినిక్ల పనిచేసే తయ్యబా వాళ్లింట్ల రూము గూడ మాట్లాడుకున్న.

అమెరికా ఫెడరల్ కోర్టుల మీద గంత లావు పుస్తకం రాసిండ్రు. ఏ కేసు ఏ కోర్టుకు పోవాల్నో నిద్రల లేపి అడిగినా చెప్తరు. మరి ఈ ఇల్లు ఏ కోర్టు కిందికొస్తదో ఎన్నడన్న చూసిండ్రా? ఇంట్ల మీరొక్కరే జడ్జి. వాదన లేదు, అప్పీలు లేదు.

ఏందీ, నోటీసు అందలేదా? ఆగుండ్రి. 'నేను రాను, ఈడనే ఉంట' అని రాసి ముందు చేతికే ఇచ్చిన. ఫోన్ల నుంచి తల ఎత్తకుండ 'అక్కడ పెట్టు' అన్నరు. తీసుకోనోళ్లకు ఇంట్ల కనిపించే జాగల అతికిస్తే అందినట్టే అని పిల్లలకు చెప్పింది మీరు కాదా? అతికించిన. ముప్పై రోజులు చూసిన. కాదనకుంటే ఒప్పుకున్నట్టే, ఇది గూడ మీ పాఠమే. హాల్ల మీరు చెప్తుంటే వంటింట్ల నేను ఫీజు లేకుండ నేర్చుకున్న!

యాడ అతికించిన అంటరా?

బియ్యం డబ్బా మీద.

అట్ల చూడకుండ్రి. అది కనిపించే జాగ కాదా? నాకైతే దినాం రెండు పూటలా కనిపిస్తది.

సరే, ఒప్పుకుంట. కావాల్ననే అక్కడ అతికించిన. మీరు ఆ దిక్కు రారని తెలుసు. హాల్ల పెడితే చదివేటోళ్లు, చదివి వద్దనేటోళ్లు. మీరు ఒక్క మాట వద్దంటే నేను ఆగిపోయేదాన్ని. గదే నా భయం.