వీధంతా దిగితేనే ఎక్కిన టీవీ

అసిరితల్లని మా వీధిలో ఒకావిడ ఉన్నాది. పిండిమర నడుపుతాది. మొగుడు పోయినాడు గానీ మర ఆగనేదు, తనే మోటారుకి పట్టా ఎక్కించుకుని తనే ఆడిస్తాది. బియ్యం పట్టుకెల్లినా సోళ్ళు పట్టుకెల్లినా మన వంతు వచ్చేదాకా అక్కడ కూకోవాలి కదా. ఆ కూకున్నోళ్ళు ఊరికే ఉంటారేటి? "అప్పా, మీ వైఫై మాటేటి?" అని అడిగీవోరు. ఆయమ్మ సెప్పీసేది. తన పేరే, దానెనకాల ఒకటి రెండు మూడు. దాహం అన్నోళ్ళకి సెంబుడు నీళ్ళిచ్చినట్టు ఇచ్చీసింది, ఇచ్చి మరిసిపోనాది. వీధిలో సగంమంది ఆ వైఫై మీదే బతుకుతన్నారని ఆయమ్మకి తెలీదు. నాకూ తెలీదు. అందరికీ తెలిసింది నా కూతురు బరువెత్తిన రోజున.

నా కూతురు హైమ. పోటీల్లో బరువులెత్తుతాది, ఇనప బారు, దానికి రెండుపక్కలా పలకలు. మీరు నవ్వకండి, మా సుట్టుపక్కల ఊళ్ళలో ఆడపిల్లలు శానామంది ఎత్తుతారు. అది ఎత్తుతుండగా నాను ఒక్కపాలి కూడా సూడనేదు. భయం. పోయినేడు బారు ఎనక్కి పడిపోయి దాని మోచెయ్యి తొలిగిపోనాది. కట్టుతోటి ఇంటికొస్తే, "ఇంక సాల్లే, మానీ" అన్నాను. అంతే అన్నాను. నాకు ఎక్కువ మాటలు రావు. అది సెయ్యి బాగయినాక మళ్ళీ ఎత్తడం మొదలెట్టింది, దానికి ఆళ్ళ నాన్న తోడు. ఈపాలి పోటీలకి ఎల్లే ముందు ఏమన్నాదంటే, అమ్మా, నువ్వు సూడకుండా మానమంటన్నావు, ఈసారి లైవులో వస్తాది, ఒక్కపాలి కళ్ళు మూసుకోకుండా సూడు, సూసినాక కూడా మానమంటే నీ మీదొట్టు, మానేస్తాను. ఇలగన్నాది. మరి నాను సూడాలా వద్దా? సూడకపోతే నా మాటకి ఇలువ నేదు. సూస్తే నాకు పేనం నిలవదు.

సర్లే, సూద్దారని ఫోను తీసినాను. ఫోన్లో పిల్లలందరూ సీమల్లాగ కనిపిస్తన్నారు, ఏది నా సీమో తెలీదు. అప్పుడు అసిరితల్లి కేకేసింది. "ఇంత పిల్లని పెంచీసి అంత ఫోన్లో సూస్తావేటే? మా టీవీ ఉంది కదా, రా!" అని. ఆయమ్మ టీవీ కొత్తది, గోడంత ఉంటాది, ముందురోజుదాకా వైఫై మీద బాగానే ఆడింది. ఎల్లి, పిల్లకి కళ్ళు మూసుకోనని ఒప్పుకున్నానని సెప్పి కూకున్నాను. ఏటయిందంటే, ఆ రోజే అది మొండికేసింది. గుండ్రంగా తిరుగుతంది, తిరుగుతంది, తిరిగి తిరిగి కలవనేదు పొమ్మంటంది. అసిరితల్లి రిమోటు పట్టుకుని ఒక్కో అచ్చరం ఎతుక్కుంటూ పాసువర్డు మళ్ళీ కొట్టింది. కలవనేదు. టీవీ ఆపీసి ఏసింది. కలవనేదు. గోడ మీదున్న వైఫై డబ్బా తీసి టీవీ పక్కన పీట మీద పెట్టింది. బతిమాలి సూసింది, తిట్టి సూసింది, దాని నెత్తి మీద ఒకటిచ్చింది. ఊహూఁ. అంతలో పోటీల కాడినుంచి మా ఆయన ఫోను. మొదటిపాలి ఎత్తడానికి ఎల్లింది, పైకి రానేదే అని. ఒక్కో పిల్లకి మూడే ఛాన్సులంట. ఒకటి పోనాది, రెండోదానికి పిలవడానికి ఇంకా టైముందంట.

అసిరితల్లి ఊరుకుంటాదేటి! వైఫై లైను ఏసిన త్రినాథకి ఫోను సేసింది. ఆడు పక్కూళ్ళో స్తంభం మీదున్నాడంట, అక్కడినుంచే మాటాడినాడు. "అప్పా, డబ్బాలో దీపాలెలగతన్నాయా?" అన్నాడు. "కార్తీకమాసంలాగ ఎలగతన్నాయిరా" అన్నాది. అయితే లైను బాగుందప్పా, ఉండు సూస్తానని స్తంభం దిగి తన ఫోన్లో ఏదో నొక్కి సూసి, "ఓలమ్మో! ఏటప్పా ఇది, వైఫైయా, సంత బస్సా?" అన్నాడు. ఏటయిందిరా అంటే, ఆ డబ్బా ఇంతమందినే మొయ్యగలదని ఒక లెక్కుంటాదంట. అంతమందీ ఎక్కి కూకున్నారంట. బయట ఇంకా ఏలాడుతున్నారంట. "ఇంక టీవీకి సోటేదీ?" అన్నాడు. అసిరితల్లి ఎంటనే తన ఫోనుని దింపీసింది. ఇప్పుడు టీవీ ఎక్కాలి కదా? ఎక్కనేదు. ఒకటి దిగితే ఏలాడుతున్నోళ్ళలో ఒకటి ఎక్కీసింది. డబ్బా మొత్తం ఆపీసి ఏసింది. అప్పుడూ అంతే. టీవీ నిద్ర లేచి ఒళ్ళు ఇరుసుకునే లోపల ఫోన్లన్నీ దూకి కూకున్నాయి. "ఫోను కుర్రదప్పా, టీవీ ముసిల్ది, ఎలగ ఎక్కుతాది?" అన్నాడు త్రినాథ.

అని ఆడే ఉపాయం సెప్పినాడు. "పాసువర్డు మార్చీమంటావా? సిటికెలో పని. ఊరంతా దిగిపోతాది, నువ్వూ నీ టీవీ మిగుల్తారు." నాను అసిరితల్లి మొకంలోకి సూస్తన్నాను. మీరయితే ఏటి సేద్దురు? నానయితే మార్చీమందును. మీ మీదొట్టు, ఎంటనే మార్చీమందును. నా పిల్ల అక్కడ వంతు కోసం నిలబడుంది. ఆయమ్మ మాత్రం ఒకపాలి గుమ్మంలోకి సూసి, "వద్దురా" అన్నాది. ఎందుకొద్దప్పా అంటే, "నా అరుగు మీద కూకున్నోళ్ళకి నా నోటితో ఇచ్చినాను. ఇప్పుడు సెప్పకుండా సెయ్యకుండా తలుపేసీమంటావేటి? ఎర్రయ్య కూతురు దాని మీదే పరీక్షకి సదువుకుంటంది. ఏటయిందో తెలీక ఏడుస్తాది." "మరెలగ?" "దిగమని అడుగుతాను." త్రినాథ నవ్వినాడు. "అడిగితే దిగుతారేటప్పా! పక్కోడు దిగుతాడులే అని ఎవుడి మట్టుకు ఆడు కూకుంటాడు." నిజమే కదా. నాకూ అదే అనిపించింది.

ఆయమ్మ ఏం సేసిందో సూడండి. లోపలికెల్లి కుంకంబరిణి తెచ్చింది. తెచ్చి నా సేతిలో పెట్టింది. తను పెట్టకూడదు కదా మరి. "నువ్వు బొట్టెట్టు, నాను మాటాడతాను. లే!" అన్నాది. దిగండి బాబూ అంటే ఎవులూ దిగరు. బొట్టెట్టి పిలిస్తే రానంటారా? పెళ్ళికి పిలిచినట్టు, పేరంటానికి పిలిచినట్టు, టీవీకి పిలిచింది. ఎక్కడైనా విన్నారా? నాను వినలేదు. నాకయితే సిగ్గేసింది. ఆయమ్మ ఎనక నడిచినాను.

ఎర్రయ్య ఇంటికెల్లినాం. ఎర్రయ్య పెళ్ళాం గుమ్మంలో కూకుని ఫోన్లో సీరియల్ సూస్తంది. నాను బొట్టెట్టినాను. అసిరితల్లి, "మా ఇంటికి టీవీకి రండి. ఇంటిల్లిపాదీ రండి. ఫోన్లు ఆపీసి రండి. ఈవిడ కూతురు బరువెత్తుతంది" అన్నాది. ఆవిడ నుదురు తడుముకుని, "ఫోన్లెందుకొదినా ఆపడం?" అన్నాది. "మీరు దిగితే టీవీ ఎక్కుతాది, టీవీ ఎక్కితే మీరొచ్చి సూస్తారు" అని అసిరితల్లి ముందుకెల్లిపోనాది. పక్కింట్లో బొట్టు, మా ఇంటికి టీవీకి రండి, ఫోన్లు ఆపీసి రండి. ఆ పక్కింట్లో బొట్టు, మా ఇంటికి టీవీకి రండి, ఫోన్లు ఆపీసి రండి. కిల్లీకొట్టు సూరన్న తాత, "ఒలే, మగోళ్ళకి బొట్టు నేదేటే? నా ఫోను మాత్రం ఆపాలా?" అన్నాడు. నాను తాతకి కూడా పెట్టీసినాను. నవ్వుతూ ఆపీసినాడు. వీధి సివరిదాకా ఎల్లి ఎనక్కి తిరిగి సూస్తే మా ఎనకాల ఊరేగింపులాగ వస్తన్నారు జనం, గుంటల్ని సంకనేసుకుని, మొకాన కుంకాలతోటి.

వచ్చి కూకున్నారు. టీవీ ఏసినాం. తిరుగుతంది, తిరుగుతంది, కలవనేదు. "ఇంకా బోలెడున్నాయప్పా" అంటాడు త్రినాథ ఫోన్లో. ఎవులివిరా అంటే, పేర్లు కనిపిస్తన్నాయి, ఇదిగో ఇక్కడ పులిబిడ్డని ఒకడున్నాడు అన్నాడు. జనమంతా గొల్లుమన్నారు. పులిబిడ్డంటే దాలమ్మ అల్లుడు. తన ఫోనుకి తనే పెట్టుకున్నాడు ఆ పేరు. కుక్క మొరిగితే అత్తోరింట్లో మంచం ఎక్కీసే మనిషి. ఇంక నవ్వు ఎందుకాగిపోనాదంటే, దాలమ్మకీ అసిరితల్లికీ మాటల్లేవు. మరగది ఎనకాల కాలవ నీళ్ళ కాడ తగువయ్యి, అప్పటినుంచి ఒకరి మొకం ఒకరు సూసుకోరు. దాలమ్మ పిండి కూడా పక్కూరెల్లి ఆడించుకొస్తాది, అంత పంతం. ఆ దాలమ్మింటికే ఆ పొద్దున సుట్టాలొచ్చి దిగినారు, మనవరాలి వోణీల పండగని. ఇల్లునిండా మనుషులు, మనిషికో ఫోను. వైఫై ఎవులిచ్చినారో దేముడికెరక. మాటల్లేనోళ్ళందరూ ఈయమ్మ వైఫైలోనే కూకున్నారనుకో.

ఎర్రయ్య లేచినాడు. "సూసినావా అప్పా, దొంగతనం కాదేటి ఇది? నానెల్లి కడిగీసొస్తాను" అని. అసిరితల్లి, "కూకోరా, పనిలేక" అన్నాది. నాకేసి సూసి, "బరిణి తే" అన్నాది. అంతలో మా ఆయన మళ్ళీ ఫోను, ఇంకాసేపట్లో పిలుస్తారే, సూస్తన్నావా అని. నాను ఫోను పెట్టీసినాను. దాలమ్మ గేటు కాడికెల్లినాం. లోపల సుట్టాలు, బయట మేము. దాలమ్మ వసారాలో నిలబడి మా ఇద్దర్నీ సూసింది. ఇల్లిల్లూ గడగడా పిలిచిన అసిరితల్లి అక్కడ గేటవతలే నిలబడిపోనాది. ఇంక నానే గేటు తీసుకుని ఎల్లి దాలమ్మకి బొట్టెట్టినాను. తొందరలో కుంకం ముక్కు మీద కూడా రాలింది. దాలమ్మ, "ఏటి? దేనికి?" అన్నాది. నాను ఎనక్కి తిరిగి అసిరితల్లికేసి సూసినాను. అప్పుడు గేటవతలినుంచి అసిరితల్లి, "వొదినా, మా ఇంటికి టీవీకి రండి. సుట్టాల్ని కూడా తీసుకుని రండి. ఫోన్లు ఆపీసి రండి" అన్నాది. మా వైఫై అననేదు. ఎవులిచ్చినారనీ అడగనేదు. వొదినా అన్నాది, అంతే. దాలమ్మ ముక్కు మీద కుంకం తుడుసుకోకుండానే లోపలికి తిరిగి, "ఒరే, అందరూ ఫోన్లు కట్టీండర్రా! పేరంటానికెల్తన్నాం" అని అరిసింది. లోపల్నుంచి ఒక గొంతు, అత్తా, ఆట మధ్యలో ఉన్నాను అంటే, "పులీ, నువ్వు కూడా రా" అన్నాది.

డబ్బా ఆపి ఏసినాం. టీవీ నిద్ర లేచింది. ఒళ్ళు ఇరుసుకుంది. తిరిగింది, తిరిగింది. కలిసింది! ఆ ఇంట్లో లేచిన కేకకి మరగది రేకులు అదిరినాయి. ఆ గోడంత టీవీలో నా పిల్ల. సేతులకి తెల్లపొడి రాసుకుంటంది. కెమేరాకేసి సూసింది. నాకేసే సూసింది. బారు పట్టుకుంది, ఎత్తింది, నెత్తి మీదకెల్లింది, అక్కడినుంచి ఎనక్కి. దభీమని పడింది బారు. పిల్ల కూలబడిపోనాది. నాను మొకం కప్పీసుకున్నాను. అసిరితల్లి నా సేతులు లాగీసి పట్టుకుంది. "ఒలే, కళ్ళు తెరు. మూసుకోనని కదేటే ఒప్పుకున్నావు" అన్నాది. తెరిసినాను. అది లేచి నిలబడింది, మోచెయ్యి ఒకపాలి విదిలించుకుని ఎల్లిపోనాది. ఇంక ఒకటే ఉంది.

మళ్ళీ వచ్చింది. ఎత్తింది. నాను బారు సూడనేదు, మోచెయ్యినే సూసినాను. అది ఒణికింది. ఒణికి, ఆగింది. ఆగి, నిలబడిపోనాది. లెక్కలోకొచ్చినట్టు తెల్లదీపాలెలిగినాయి. అంత ఇనుము నెత్తి మీద పెట్టుకుని ఆ పిల్ల నవ్వింది. మీకేటి సెప్పను. నా ఇంట్లో అలగ నవ్వడం నానెప్పుడూ సూడనేదు. ఇరవై ఏళ్ళు అన్నం పెట్టినాను, ఆ నవ్వు నాకు తెలీదు.

కాసేపటికి ఫోనొచ్చింది. అసిరితల్లి లాక్కుని అందరికీ ఇనిపించేటట్టు పెట్టింది. "అమ్మా, సూసినావా?" "సూసినాను." "కళ్ళు మూసుకోనేదా?" "మూసినాను. తెరిసినాను." "మరేటంటావు?" వీధి వీధంతా నా నోటికేసి సూస్తంది. నాను కొంగు సర్దుకుంటన్నాను. దాలమ్మకి తిక్క రేగిపోనాది. "ఏటే నీ నాన్చుడు? ముత్యాలు రాల్తాయేటి? సెప్పవే!" అన్నాది. "ఎత్తు" అన్నాను. అంతే అన్నాను. ఆ ఒక్క మాట కోసం వీధిలో ఫోన్లన్నీ ఆగినాయి.

ఆ తరవాత ఏటయిందంటారా? అందరూ ఇళ్ళకెల్లి మళ్ళీ ఎక్కీసినారు. దాలమ్మోళ్ళు కూడా ఎక్కీసినారు. టీవీ దిగనేదు. సోటు దొరకనిది ఎవులికంటే, అసిరితల్లి ఫోనుకి. వారం అయ్యింది, తన డబ్బాలోకి తనే ఎక్కలేకపోతంది. ఒకర్ని దిగమని అడగొచ్చు కదప్పా అన్నాను. "మొన్నే అడిగినాను కదే. అస్తమానూ అడిగితే ఏం బాగుంటాది?" అన్నాది. ఇలాటి మనిషితోటి ఏటి మాటాడతాం, సెప్పండి.