నాలుగో సీసా వాసన

నవ్వకు బావా! డాక్టరువి, నువ్వే నవ్వితే ఇంకెవరితో చెప్పుకోను?

అసలు ఆ విందు పెట్టమని నన్నెవరైనా అడిగారా? లేదే! ఎండాకాలం కదా, సాయంత్రం మేడ మీద గాలి బాగుంటుంది, నాలుగు రకాల వైన్లు పక్కపక్కన పెట్టి ఏది గొప్పదో తేలుద్దాం రండని నేనే ఊరంతా పిలిచినట్టు పిలిచాను. వచ్చింది ఇద్దరేలే. మా లాయరు, మా మేనేజరు. ఆఁ, టీ కంపెనీ మేనేజరే. వాసన చూసి ఏ టీ మంచిదో చెబుతానని నన్ను పెట్టుకున్న మనిషి!

పేర్లు కనపడకుండా సీసాలకి సాక్సులు తొడిగాను. ఉతికినవేనయ్యా!

ఇంక నా వేషాలు చూడాలి. గ్లాసు గిర్రున తిప్పడం, కళ్లు మూసుకోవడం, ముక్కు లోపలికంటా దూర్చడం... మొదటిది పండిన జామకాయ అన్నాను. రెండోది తొలకరి మట్టి. వాళ్లు నోళ్లు తెరుచుకుని వింటున్నారు. నాకేమో ఒక్క వాసన తగిలితే ఒట్టు!

అవును బావా. ఆ మాయదారి జ్వరం తగ్గినప్పటినుంచీ ఇంతే. ఆఫీసులో టీ రంగు చూసి, పక్కవాడి మొహం చూసి నెట్టుకొస్తున్నా. మీ చెల్లెలికి కూడా చెప్పలేదు.

నాలుగో సీసా వచ్చింది. "ఆహా, మల్లెలు! అన్నిట్లోకీ ఇదే గొప్పది" అనేశాను. లాయరు ఒక్క గుక్క తాగి పూలకుండీలో ఉమ్మేశాడు. "మల్లెలేంట్రా! తడి గోనెసంచి కంపు!" బిరడా బూజు పట్టి లోపల సరుకంతా పాడైందట. మేనేజరు గ్లాసు కింద పెట్టి నా వంకే చూస్తున్నాడు.

అప్పుడు పక్కనే ఉన్న మీ చెల్లెలు నా గ్లాసు లాక్కుంది. ఎప్పుడూ పెదవి తడుపుకోవడమే తప్ప తాగదు కదా... గటగటా మొత్తం తాగేసింది! "నాకూ మల్లెల్లాగే ఉంది. మీ ముక్కులకే ఏదో అయింది" అంది. మొహం చిట్లిస్తేనా! మేనేజరు కంగుతిని, మళ్లీ వాసన చూసి, "ఏమో, ఉందేమో" అన్నాడు!

వాళ్లు వెళ్లాక, "నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"పాలు అడుగంటి ఇల్లంతా మాడు వాసనైతే, పొయ్యి పక్కనే కూర్చుని హాయిగా పేపరు చదువుకున్నారు చూడండీ, ఆ రోజే" అంది. అని, పరుగున వెళ్లి వాంతి చేసుకుంది.

ముక్కు చూడు బావా. బాగుపడుతుందో లేదో ఉన్నమాట చెప్పు. మేనేజరుకి రేపు నేనే చెప్పేస్తా. ఉద్యోగం ఊడితే ఊడనీ. ఆవిడచేత మళ్లీ అలాంటిది తాగించలేను.