జవాబు తెలుగులో వచ్చింది

కోయంబత్తూరు మిల్లు లైనింట్లో ఇరుళాయి మోకరించి, అడగాల్సింది అడిగి, పాస్టరయ్య చెప్పినట్టే దేవుడి జవాబు కోసం నోరు మూసుకుంది. షిఫ్టుకు బయల్దేరుతున్న పెనిమిటికి అది వింతగా తోచింది.

“ఏమన్నాడు ఆండవరు?”

“కొళాయికాడ కొట్లాడిన తోడికోడలితో నువ్వే ముందు మాట్లాడు, అన్నాడు.”

“సరే, పో.”

“అది ఆయన కాదు మామా. నేను బైబిల్లో మాదిరి సుద్ద తమిళంలో అడిగితి. జవాబు తెలుగులో వచ్చె.”

“మనింటికి వచ్చినోడు మనింటి మాటే కదా మాట్లాడతాడు?”

“ఇన్నేళ్లుగా పాస్టరయ్య కోయిల్లో ఒక్క తెలుగు మాటన్నా మాట్లాడినాడా?”

“ఆడ నువ్వు ఆయన్ని యాడ మాట్లాడనిస్తివి? సందేగముంటే ఇంకోసారి అడుగు.”

ఇరుళాయి కొంగు దులుపుకొని లేచింది.

“వద్దులే మామా. మళ్లా అదే చెప్తే పోవాల్సొస్తాది.”